పాత ఆయిలింజను స్టడ్డుకి ఏ డై కొనాలి, మర తిన్నగా ఎలా తీయాలి?

బాబూ, మీరు అడిగింది ఇదీ. ఒడిశాలో కాశీనగర్ దగ్గర మీ తాతగారి నాటి బియ్యం మిల్లులో పాత ఆయిలింజను ఉంది. దాని హెడ్డుని దిమ్మకి పట్టి ఉంచే స్టడ్డు, అంటే తల లేకుండా రెండు కొసలా మర ఉన్న బోల్టు, ఒకటి విరిగింది. పక్క స్టడ్డుని వెర్నియర్‌తో కొలిస్తే 12.6 మి.మీ. వచ్చింది. 12 ఎంఎం నట్టు అసలు ఎక్కట్లేదు. షాపులో తెచ్చిన అరంగుళం నట్టు రెండు చుట్లు తిరిగి పట్టేస్తోంది. ఊళ్ళో లేత్ ఆయన కొత్త స్టడ్డు చేసిచ్చాడు గానీ, నట్టు దాని మీద ఊగుతూ దిగుతోంది. మర కోసే డై ఏది కొనాలి, మర వంకర లేకుండా ఎలా వస్తుంది అని.

ముందు జవాబు చెప్పేస్తాను. మీ స్టడ్డు దాదాపుగా అరంగుళం విట్‌వర్త్ అనే పాత ఇంగ్లీషు మరది, అంగుళానికి 12 మరలు. మీరు తెచ్చిన నట్టు అదే అరంగుళంలో అమెరికన్ రకం, అంటే యూఎన్‌సీ, 13 మరలది అయ్యుంటుంది. కొనాల్సింది 1/2 బీఎస్‌డబ్ల్యూ (విట్‌వర్త్‌కి పొట్టి పేరు) అని చెక్కి ఉన్న గుండ్రటి చీలిక డై, హైస్పీడ్ స్టీలుది. ఇక ఊగడం అంటారా, అది డై తప్పు అయ్యే అవకాశం తక్కువ. డైని రాడ్డు మొహానికి ఆనించేటప్పుడే వంకర వచ్చింది. మొదటి మూడు చుట్లు ఎటు పోతే మిగతా మర అంతా అటే పోతుంది.

"దాదాపుగా" అని ఎందుకన్నానంటే, ఫోటో చూసి మర చెప్పేవాణ్ణి నేను నమ్మను. మీరే ఒక్క కొలత తీసుకోండి. స్టడ్డు బయటికి తీశాక కిరోసిన్‌లో ఒక రాత్రి నానబెట్టి, ఇత్తడి బ్రష్షుతో రుద్దండి. నట్టు ఎప్పుడూ తిరగని చోటు, అంటే ఇంజను దిమ్మలో కూర్చునే కొస, బాగుంటుంది. నట్టు వైపు మర ఏళ్ళ తరబడి బిగించి బిగించి సాగిపోయి ఉంటుంది. అక్కడ లెక్క పెడితే తప్పుడు లెక్కే వస్తుంది. ఒక మర శిఖరం నుంచి మొదలుపెట్టి పదో శిఖరం దాటి పదకొండో దాని వరకు కొలవండి. అంటే పది పిచ్‌లు. ఒక శిఖరం నుంచి పక్క శిఖరానికి ఉన్న దూరమే పిచ్. 21.2 మి.మీ. వస్తే విట్‌వర్త్ 12. 19.5 వస్తే యూఎన్‌సీ 13. 15.9 వస్తే బీఎస్‌ఎఫ్ అనే ఇంగ్లీషు సన్న మర, 16. 17.5 వస్తే అది 12 ఎంఎం మెట్రిక్కే, కానీ 12.6 మందం ఉందంటున్నారు కాబట్టి అది కాదు. ఒక్క మర కొలిస్తే తేడా కంటికి ఆనదు. పది కలిపి కొలిస్తే స్కేలుతో కూడా తెలిసిపోతుంది.

ఎందుకింత గందరగోళం అంటే, మన ప్రాంతంలో ఒకే మిల్లులో మూడు తరాల మరలు కలిసి ఉంటాయి. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లీషాయన 1841లో ఒక పద్ధతి పెట్టాడు. మర కోణం 55 డిగ్రీలు, శిఖరం, లోయ రెండూ గుండ్రంగా. ఇంగ్లాండు నుంచి వచ్చిన ఇంజన్లు, పంపులు, రైలు సామాన్లు చాలావరకు దాని మీదే నడిచాయి. సన్న మర కావాలని 1908లో బీఎస్‌ఎఫ్ వచ్చింది, కోణం అదే 55. మన దేశంలో మెట్రిక్ చట్టం 1956లో వచ్చింది. ఆ తర్వాత మెల్లగా 60 డిగ్రీల మెట్రిక్ బోల్టులు షాపుల్లోకి దిగాయి. యూఎన్‌సీ కూడా 60 డిగ్రీలే. రాజ్‌కోట్‌లో ఇంగ్లాండు లిస్టర్ కంపెనీ నమూనా మీద పోసిన నిదానం ఇంజన్లు మన పల్లెల్లో ఇప్పటికీ తిరుగుతున్నాయి. వాటిలో ఒక్కోదాన్లో ఒక్కో చోట ఒక్కో మర. బయటి కవరు స్క్రూలు మెట్రిక్, లోపలి స్టడ్లు విట్‌వర్త్, డీజిల్ పైపు నట్లు ఇంకేదో. ఇంజను మీద రేకు చూసి మర చెప్పడం అందుకే కుదరదు.

అరంగుళం దగ్గరే ఈ పేచీ ఎక్కువ, దానికి కారణం ఉంది. పావంగుళంలో విట్‌వర్తూ యూఎన్‌సీ రెండూ 20 మరలే. 5/16లో రెండూ 18. 3/8లో రెండూ 16. కోణం తేడా ఉన్నా నట్టు ఎక్కేస్తుంది, ఎవరూ పట్టించుకోరు. అరంగుళానికి వచ్చేసరికి ఇది 12, అది 13. షాపువాడికి రెండూ "నాలుగు నూళ్ళ నట్టే". మన వడ్రంగులు అంగుళంలో ఎనిమిదో వంతుని నూలు అంటారు, ఇక్కడ ఒడియా మేస్త్రీలు సూతా అంటారు, రెండూ దారమే. మందం ఒక్కటే చెప్తే ఇచ్చేవాడికి మర ఎలా తెలుస్తుంది? కాబట్టి షాపులో అడిగేటప్పుడు "అరంగుళం, పన్నెండు మరలు" అని అడగండి. పాత స్టడ్డు జేబులో వేసుకెళ్ళి ఎక్కించి చూస్తే ఇంకా మేలు.

నేను ఈ పాఠం ఉచితంగా నేర్చుకోలేదు. పర్లాకిమిడిలో షెడ్డు పెట్టిన కొత్తలో ఒక మిల్లుకి ఆరు స్టడ్లు చేసిచ్చాను. డై కొత్తది. డబ్బా మీద అరంగుళం అని ఉంది, అంతే చూశాను. డై మొహం మీద చిన్న అక్షరాల్లో యూఎన్‌సీ 13 అని చెక్కి ఉందని తర్వాత తెలిసింది. స్టడ్డు పోతదిమ్మలో రెండు చుట్లు చేత్తో దిగింది. తర్వాత గట్టిగా ఉంది. "కొత్త మర కదా, బిగువుగా ఉంటుంది" అనుకుని పైపు రెంచీ వేశాను. రంధ్రం అంచు దగ్గర నల్లటి పొడి పైకి రాసాగింది, పెన్సిల్ చెక్కినప్పుడు రాలే పొడిలాగా. అది చూసి కూడా ఇంకో సగం చుట్టు తిప్పాను. ఆ నల్ల పొడి పోతఇనుము మర. తీసి చూస్తే రంధ్రంలో పైన ఐదారు మరలు చెరిగిపోయాయి. ఆ దిమ్మని పెద్ద సైజుకి తొలిచి, బుష్షు వేసి, నా ఖర్చుతో సరిచేసిచ్చాను. ఆ నెల మా ఇంట్లో టెన్షన్ గురించి రాయను. రెండు చుట్లు దిగి ఆగిందంటే అది బిగువు కాదు, లెక్క తప్పు. చేత్తో చివరిదాకా దిగకపోతే అక్కడే ఆపండి.

డై రకాల గురించి. ఆరు పలకల నట్టులా ఉండే డైలు చవగ్గా దొరుకుతాయి. వాటితో కొత్త మర కోయకండి. తుప్పు పట్టిన పాత మరని శుభ్రం చెయ్యడానికి అవి. కొత్త మరకి గుండ్రటి డై, ఒక పక్క చీలిక ఉన్నది కావాలి. హ్యాండిల్‌కి మూడు స్క్రూలు ఉంటాయి. మధ్య స్క్రూ మొన చీలికలో దిగి డైని కాస్త విప్పుతుంది, పక్కవి రెండూ నొక్కి మూస్తాయి. ఇది అలంకారం అనుకునేవాళ్ళు చాలామంది. దీని విలువ స్టడ్డు దగ్గరే తెలుస్తుంది. దిమ్మలో కూర్చునే కొసకి డైని కొంచెం విప్పి కోస్తే మర లావుగా వచ్చి, దిమ్మలో బిగుతుగా కూర్చుంటుంది. నట్టు వైపు కొసకి మొదట విప్పి ఒకసారి, తర్వాత కొంచెం మూసి రెండోసారి కోస్తే నట్టు చేత్తో ఆడుతూ దిగుతుంది. ఒకేసారి పూర్తి లోతు కోయాలని చూస్తే మర చిరిగి, పళ్ళు ఊడిన దువ్వెనలా తయారవుతుంది. పక్క స్క్రూలు రెండూ సమానంగా తిప్పండి. ఒకటి ఎక్కువ బిగిస్తే డై ఒక పక్కకి ముడుచుకుంటుంది.

డై మీద అక్షరాలున్న వైపు సాధారణంగా నోరు వెడల్పు. ఆ వైపే రాడ్డు ఎక్కాలి. డై హ్యాండిల్ లోపలి అంచుకి వెనక వైపు ఆనాలి, అక్షరాలు బయటికి కనపడాలి. తిరగేసి పెట్టినవాళ్ళని నేను చూశాను, "డై పట్టట్లేదు, మొద్దుబారింది" అని తెచ్చేవారు. తిప్పి పెట్టి ఇచ్చి టీ డబ్బులు తీసుకునేవాణ్ణి.

రాడ్డు. 12 ఎంఎం నల్ల రాడ్డు మీద అరంగుళం డై నడుపుతారు కొందరు, చులాగ్గా దిగుతుందని. దిగుతుంది, మర సగం లోతే పడుతుంది. అరంగుళం అంటే 12.7. అంగుళం కొలతల మెరుగు రాడ్డు తీసుకోండి, లేదా 14 తీసుకుని లేత్ మీద 12.6 కి దించండి. కొంచెం తక్కువ ఎందుకంటే, చేతి డై లోహాన్ని కోస్తూనే కొద్దిగా బయటికి నెడుతుంది, శిఖరం లేస్తుంది. హెడ్డు స్టడ్డుకి మామూలు మెత్త ఇనుము వాడొద్దు, ఈఎన్8 అనే గట్టి ఉక్కు అడగండి. మెత్తది రోజూ కొంచెం కొంచెం సాగుతుంది, మీరు రోజూ హెడ్డు బిగిస్తూ ఉంటారు.

ఇప్పుడు తిన్నదనం సంగతి.

మా నాన్నగారు చిన్న రైలు లైన్లో ఫిట్టరు. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి రాజావారు వేయించిన లైను, 1931 నాటికి గుణుపూర్ దాకా వెళ్ళింది, రెండున్నర అడుగుల గేజి. ఆ సామాన్లన్నీ విట్‌వర్తే. ఆయన డైల పెట్టె ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఊగుతూ దిగే మరని ఆయన "కల్లు తాగిన మర" అనేవారు. పరీక్ష కూడా ఆయన నేర్పిందే. కొత్త స్టడ్డు మీద నట్టు సగం వరకు ఎక్కించి, వేలితో జోరుగా తిప్పి, పక్క నుంచి వెలుతురుకి ఎదురుగా చూడాలి. నట్టు మొహం తలూపుతుంటే మర వంకర. నట్టు మొహం నిలకడగా ఉండి, స్టడ్డుని తిప్పి చూసినప్పుడు అదే తలూపుతుంటే రాడ్డు వంకర. రెండూ వేరే జబ్బులు, మందు వేరు.

లేత్ ఉంది కాబట్టి మీకు సులువు. రాడ్డుని చక్‌లో, అంటే పట్టి తిప్పే దవడల్లో బిగించి, మర ఎంత పొడవో అంతకు ఒక అంగుళం మాత్రమే ఎక్కువ బయట పెట్టండి. ఎక్కువ బయట ఉంటే వంగుతుంది. మొదట కొస మొహం సాఫు చేయాలి. తర్వాత అదే బిగింపులో అంచు వాలుగా తీయాలి, కొస దాదాపు 10 మి.మీ. అయ్యేవరకు. 10 ఎందుకంటే, అరంగుళం విట్‌వర్త్ మర అడుగు మందం 9.99. అంతవరకు కొస సన్నబడితే డై పళ్ళు అన్నీ ఒకేసారి, సమానంగా పట్టుకుంటాయి. గ్రైండరుతో ఒక పక్కకి చెక్కిన కొస మీద డై ఆ పక్కకే వాలుతుంది. మీ లేత్ ఆయన స్టడ్డు కొస ఒకసారి చూడండి. వాలు ఒక వైపు ఎక్కువ, ఇంకో వైపు తక్కువ ఉంటే కారణం దొరికినట్టే.

తర్వాత డై హ్యాండిల్‌ని కొసకి ఆనించి, వెనక నుంచి టెయిల్‌స్టాక్ (చక్‌కి ఎదురుగా లేత్ అవతలి కొసన ఉండేది) బారెల్ మొహాన్ని దానికి ఆనించండి. దానిలోని మొనదేలిన సెంటరు తీసేయాలి, చదునైన మొహమే ఆనాలి. అదే డైని రాడ్డుకి నిటారుగా నిలబెడుతుంది. హ్యాండిల్ చెయ్యి ఒకటి కోసే టూల్ పట్టే టూల్‌పోస్ట్ పక్కన ఆనుకుని ఉండాలి, అప్పుడు అది తిరగదు. మోటారు మెయిన్ స్విచ్ ఆపేసి, చక్‌ని చేత్తో తిప్పండి. రెండో చెయ్యి టెయిల్‌స్టాక్ చక్రం మీద ఉంచి, డై ముందుకు పోయే కొద్దీ మెల్లగా తోడు నడిపించండి. ముప్పావు చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. వెనక్కి తిప్పినప్పుడు టిక్కుమని చిన్న చప్పుడొస్తుంది, తునక తెగినట్టు. ఆ చప్పుడు రాకపోతే నూనె చాల్లేదు, లేదా డై మొద్దుబారింది. నాలుగైదు మరలు పడ్డాక టెయిల్‌స్టాక్ తోడు అక్కర్లేదు, డై తన దారిన తనే పోతుంది.

నూనె అంటే గుర్తొచ్చింది. కటింగ్ ఆయిల్ లేకపోతే ఇంట్లో ఆవనూనె వాడండి. ఒడిశాలో ఏ వంటింట్లో అడిగినా దొరుకుతుంది, చేతితో ఉక్కు మర కోయడానికి ఇంజనాయిల్ కన్నా చాలా నయం. వాసనకి ఆకలేస్తుంది, అదొక్కటే ఇబ్బంది. ఇత్తడికీ పోతఇనుముకీ నూనె వద్దు, పొడిగానే కోయాలి. అల్యూమినియానికి కిరోసిన్.

ఇన్ని చేసినా వంకర వస్తే టెయిల్‌స్టాక్‌నే అనుమానించండి. గుణుపూర్ వైపు ఒక షెడ్డుకి వెళ్ళాను ఒకసారి. కుర్రాడు మంచి పనివాడు, డై కొత్తది, అయినా ప్రతి మరా ఒకే వైపు వాలుతోంది. రెండు సెంటర్లు పెట్టి ముక్కుకి ముక్కు ఆనించి చూస్తే తేడా కంటికే కనిపించింది. నెల క్రితం ఏదో షాఫ్టుకి టేపర్, అంటే పొడవునా వాలు, తీయడానికి టెయిల్‌స్టాక్ పక్కకి జరిపాడట, మళ్ళీ సర్దలేదు. కంటికి కనపడనంత తేడా ఉంటే సెంటర్ల మధ్య ఒక రాడ్డు పెట్టి, రెండు కొసల్లో సన్నగా ఒక్కో కోత తీసి, రెండు చోట్లా మైక్రోమీటరుతో కొలవాలి. రెండు కొలతలూ కలిసేదాకా టెయిల్‌స్టాక్ సర్దాలి. అరగంట పని. మీ లేత్ ఆయన్ని నొప్పించకుండా అడిగి చూడండి, మన పెద్ద మేస్త్రీలకి ఈ మాట చెప్పడం కొంచెం కష్టమే.

పొడవు మర, లేదా 5/8 దాటిన మందం అయితే నేను డైతో మొదలుపెట్టను. 55 డిగ్రీలకి నూరిన టూల్‌తో లేత్ మీదే ముప్పాతిక లోతు తీసి, చివర డై నడుపుతాను. దారి టూల్ వేస్తుంది, శిఖరాన్ని గుండ్రం చేసేది డై. లేత్ లీడ్‌స్క్రూ, అంటే టూల్‌ని నడిపే పొడవాటి మర, అంగుళానికి 4 మరలది అయితే 12 మరలకి ఇబ్బందే లేదు. 12ని 4 భాగిస్తుంది, లీడ్‌స్క్రూని పట్టుకునే హాఫ్‌నట్ ఎక్కడ వేసినా పాత గాడిలోనే పడుతుంది. 5/8 విట్‌వర్త్‌కి 11 మరలు, అక్కడ హాఫ్‌నట్ విప్పారంటే గాడి తప్పుతుంది. థ్రెడ్ డయల్ చూసి సరైన గీత దగ్గరే వెయ్యాలి, అది లేకపోతే విప్పకుండా లేత్‌నే వెనక్కి నడపాలి.

లేత్ అందుబాటులో లేనివాళ్ళకి ఒక చిట్కా. రాడ్డు సరిగ్గా దూరే రంధ్రం ఉన్న ఇనుప దిమ్మ ఒకటి డ్రిల్లు మిషను మీద చేయించుకోండి, అంగుళం మందం చాలు. రాడ్డుని వైస్‌లో నిలబెట్టి, దిమ్మని దానికి తొడిగి, కొస ఒక పావంగుళం మాత్రం పైకి వదిలి, సైడ్ స్క్రూతో బిగించండి. డై దిగుతున్న కొద్దీ హ్యాండిల్ అడుగుకీ దిమ్మ పై మొహానికీ మధ్య సందు అన్ని వైపులా ఒకేలా ఉందా అని చూసుకుంటూ తిప్పాలి. మూలమట్టం పెట్టి చూసేదానికన్నా ఇది తేలిక.

స్టడ్డు బిగించే ముందు దిమ్మ రంధ్రాన్ని అదే 1/2 విట్‌వర్త్ ట్యాప్‌తో (రంధ్రం లోపలి మర కోసే పనిముట్టు) చేత్తో తిప్పి శుభ్రం చేయండి, కొత్తగా కోయొద్దు. లోపల నూనె, నీళ్ళు లేకుండా ఊదేయండి. మూసుకున్న రంధ్రంలో నూనె ఉండగా స్టడ్డు బిగిస్తే ఆ ఒత్తిడికి పోతదిమ్మ చీలిపోతుంది. పోతఇనుములో కనీసం మందానికి ఒకటిన్నర రెట్లు, అంటే మీకు ముప్పావు అంగుళం మర దిగాలి. రెండు నట్లు ఒకదానికొకటి బిగించి, పై నట్టుకి స్పానర్ వేసి తిప్పండి. పైపు రెంచీ వద్దు, ఎందుకో పైన చెప్పాను.

మిగతా స్టడ్లు కూడా తీసి పక్కపక్కన నిలబెట్టి చూడండి. ఒకటి విరిగిందంటే మిగతావి కూడా సాగి ఉండొచ్చు. మధ్యలో నడుం సన్నబడినది కనిపిస్తే అది కూడా మార్చేయండి.

మిల్లులో పాత కుట్టుమిషను కూడా ఉందని, దాని స్క్రూలు కూడా ఇదే డైతో చేయొచ్చా అని చివర్లో అడిగారు. కుదరదు. కుట్టుమిషన్ల మరలు మామూలు మరల జాబితాల్లో పడవు. 9/64 అంగుళం మందం, 40 మరలు లాంటివి వాటికే ప్రత్యేకం. ఆ స్క్రూలు మిషను రిపేరు షాపుల్లో దొరుకుతాయి, డై కొనడం దండగ.

రెండు పనులు నేను చెయ్యను, మీ లేత్ ఆయన్ని కూడా చెయ్యమని అడగకండి. ఒకటి, పిస్టన్‌ని క్రాంకుకి కలిపే కనెక్టింగ్ రాడ్ బోల్టు. అది విరిగితే రాడ్డు దిమ్మని పొడుచుకుని బయటికి వస్తుంది. అది కంపెనీదే కొనాలి. రెండోది, పాత తుపాకీ మర. ఈ కొండ ప్రాంతంలో తాతల నాటి వేట తుపాకీ గొట్టం పట్టుకుని, అడుగు మరకి డై పట్టించమని వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనివాడు తుపాకీ రిపేరు చేయడమే నేరం. పైగా ఆ మర ఉండేది పేలుడుకీ కాల్చేవాడి మొహానికీ మధ్యన. టీ ఇచ్చి పంపేస్తాను.

డై బరంపురంలో గానీ విశాఖలో గానీ టూల్స్ అమ్మే షాపుల్లో దొరుకుతుంది. డబ్బా మీద చూసి కొనకండి, డై బయటికి తీసి మొహం మీద చెక్కింది చదవండి. పది పిచ్‌ల కొలత తీశాక 21.2 కాకుండా వేరే ఏదైనా వస్తే కొనకముందే ఇక్కడ రాయండి.